నీలవ్వ పాటలో రొద

ఆర్మూర్‌లో ఏ ఇంటి మిక్సీ మూలుగుతుందో, ఏ ఇంటి ఫ్యాను నస పెడుతుందో గంగాకిషన్‌కు తెలిసినంతగా ఆ ఇంటివాళ్లకు కూడా తెలియదు. ముప్పై అయిదేళ్లుగా అదే పని. మొదట రేడియోలు, తరవాత టీవీలు, ఇప్పుడు మిక్సీలు, మోటారు స్టార్టర్లు, పసుపుకు పాలిష్ పట్టే డ్రమ్ముల స్విచ్చులు. దుకాణం బోర్డు మీద మాత్రం ఇంకా 'గంగాకిషన్ రేడియో సర్వీస్' అనే ఉంది. మార్చమని ఎందరు చెప్పినా వినలేదు. రేడియో పట్టుకుని దుకాణం మెట్లెక్కిన చివరి మనిషి ఎవరో అతనికే గుర్తులేదు, అయినా పంతం పంతమే.

ఊరందరి వస్తువులు ఇట్టే బాగుచేసే మనిషి, తన ఇంటి వస్తువు దగ్గరికొచ్చేసరికి రేపు, మాపు అనే రకం. భార్య నీలవ్వ ఉన్నన్నాళ్లూ ఈ మాట మీదే దెప్పేది. "ఊళ్లె మిషిన్లన్ని నడిపిస్తవు. మనింట్ల గ్రైండర్‌కు మాత్రం నా చేతులే మోటర్" అనేది. అతను నవ్వేసి చొక్కా తొడుక్కునేవాడు. నీలవ్వ పోయి నాలుగేళ్లయింది. గ్రైండర్ ఇప్పుడు చక్కగా తిరుగుతుంది. దాంట్లో పిండి రుబ్బే మనిషే లేదు.

సిద్దులగుట్ట వైపు పోయే సందులో రెండు గదుల ఇల్లు అతనిది. పిల్లలు కలగలేదు. ముందుగదిలో కిటికీ పక్కన మంచం, మంచం మీద అత్త ముత్తెమ్మ. కూతురి పదకొండో రోజు కర్మకని ధర్పల్లి నుంచి వచ్చిన ముసలమ్మ మళ్లీ వెనక్కి పోలేదు. పొమ్మని అతను అనలేదు, పోతానని ఆమె అనలేదు. నిరుడు వాకిట్లో జారిపడి తుంటి విరిగింది. అప్పటినుంచి ఆ మంచమే ఆమె లోకం. ఆమెకు నీళ్లు పోయడం, బట్టలు మార్చడం, జొన్నరొట్టె పాలలో నానబెట్టి తినిపించడం అన్నీ అల్లుడే చేస్తాడు. సందులో ఆడవాళ్లు మొదట్లో వింతగా చూశారు, తరవాత అలవాటు పడ్డారు.

మంచానికి ఎదురుగా గోడ మీద నీలవ్వ ఫోటో. ఫోటో కింద మొగ్గలాంటి చిన్న కరెంటు దీపం. అది గంగాకిషన్ స్వయంగా చేసింది. కరెంటు పోయినా రెండు రోజులు వెలిగేటట్టు ఫోటో వెనక చిన్న బ్యాటరీ డబ్బా పెట్టాడు. ఈ నాలుగేళ్లలో బ్యాటరీ రెండుసార్లు మార్చాడు. మార్చినప్పుడు కూడా కొత్తదాని తీగలు కలిపాకే పాతది విప్పాడు, దీపం ఒక్క రెప్పపాటు కూడా ఆరలేదు. ఆర్పే పని లేదు గనక దానికి స్విచ్చే పెట్టలేదు.

తెల్లవారి ముత్తెమ్మ కళ్లు తెరవగానే అడిగే మొదటి మాట ఒకటే. కంట్లో శుక్లాలు, దీపం ఆమెకు మసకగా తప్ప ఆనదు.

"ఉన్నదా బిడ్డా?"

"ఉన్నదత్తా."

ఆ తరవాతే ఆమెకు టీ.

సోమవారం పొద్దున దుకాణంలో ఉండగా ఫోను మోగింది. ఎవరో చిన్న వయసు అమ్మాయి గొంతు. రేడియో స్టేషను నుంచి మాట్లాడుతున్నానంది.

"నీలవ్వగారు ఉన్నారా అండీ?"

గంగాకిషన్ చేతిలోని సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టాడు. "లేదమ్మా. ఆమె పోయి నాలుగేండ్లాయె. నేను ఆమె ఇంటాయన."

అవతలి పిల్ల అయ్యో అంది. తరవాత మెల్లగా చెప్పింది. పాత టేపులన్నీ బయటికి తీస్తున్నారట. పదిహేడేళ్ల కిందట ఆర్మూర్ పక్కన పసుపు చేలల్లో తవ్వకాలప్పుడు కూలి ఆడవాళ్ల పాటలు టేపు మీద పట్టుకుపోయారట, అందులో నీలవ్వ పాట ఒకటి ఉందట. టేపుతో ఉన్న కాగితం మీద ఈ దుకాణం పేరూ నంబరూ రాసి ఉన్నాయట. "ఈ వారంలోనే మధ్యాహ్నం ఒకటిన్నరకు వేస్తామండీ, మీడియం వేవ్ మీద. రోజుకు మూడు పాటలు. మీది ఏ రోజన్నది కచ్చితంగా చెప్పలేను" అంది.

 ఆ పాట అప్పట్లో ఒకసారి రేడియోలో వచ్చింది. సందంతా విన్నది. అతను ఒక్కడే వినలేదు. ఆ పూట పోచంపాడ్‌లో ఎవరిదో టీవీ విప్పుకుని కూర్చున్నాడు. నీలవ్వ ఆ అలక మానడానికి నెల పట్టింది. పాటే కాదు, పాట అయ్యాక రేడియో ఆమె ఏదో అడిగితే తానేదో చెప్పిందట. ఏం చెప్పావని ఎన్నిసార్లు బతిమాలినా మూతి తిప్పుకునేది. "అందరు విన్నరు, నువ్వొక్కనివే వినలె. విననోనికి చెప్పేది లేదు, పో" అనేది. పక్కింటి వాళ్లను అడుగుదామంటే మగాడి మర్యాద అడ్డం. తరవాత అడగడమే మరచిపోయాడు.

ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. ఆమె గొంతు కూడా లేదు. నీలవ్వ ఫోనును కరోనా భయంతో ఆమె బట్టలతో పాటే కాల్చేశారు.

దుకాణం షట్టరు దించి పరుగున ఇంటికి వచ్చాడు. సంగతి విని ముత్తెమ్మ కప్పు వంక చూసింది. తరవాత కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"దాని గొంతు నాకు యాదికొస్తలేదు బిడ్డా. మొఖం ఒస్తది, నడక ఒస్తది. గొంతే ఒస్తలేదు. ఎవ్వలకన్న చెప్తే నవ్వుతరని ఊకున్న."

 అతనికి కూడా ఆ గొంతు గుర్తుకు రావడం లేదు.

అటక మీంచి పాత ట్రాన్సిస్టరు దించాడు. దుమ్ము దులిపి, తుప్పు గీకి, కొత్త సెల్లులు వేసి మంచం పక్కన స్టూలు మీద పెట్టాడు. ఫోనులో కూడా ఆ స్టేషను వస్తుందని ఎవరో అంటే పెట్టి చూశాడు. గుండ్రం తిరగడమే తప్ప పలికింది లేదు. రేడియో మెకానిక్కు ఇంట్లో రేడియో వినడానికి ఫోనెందుకని దాన్ని జేబులో వేసుకున్నాడు.

మంగళవారం ఒకటిన్నరకు అయిదు నిమిషాల ముందు ట్రాన్సిస్టరు మీట తిప్పాడు. ముల్లు స్టేషను మీదికి వచ్చేసరికి పెద్ద రొద. గుయ్యిమని, ఎక్కడా తెంపు లేకుండా, చెవిలో జోరీగ దూరినట్టు. ఆ రొద కింద ఎవరో ఎక్కడో మాట్లాడుతున్నారు, పాడుతున్నారు. ఆడగొంతో మగగొంతో కూడా తెలియడం లేదు. ఆ రోజు వేసిన మూడు పాటల్లో నీలవ్వది ఉందో లేదో కూడా వాళ్లకు తెలిసేది కాదు. సందు చివర టీ కొట్టులో విన్నవాళ్లు లేదని చెబితే గానీ ముత్తెమ్మ స్థిమితపడలేదు.

"గిదేం మోత బిడ్డా? మునుపు గిట్ల లేకుండె గద?"

"మునుపు ఇండ్లల్ల బల్బు, ఫ్యాను, గంతే ఉండె. గిప్పుడు ప్రతి ఇంట్ల వంద సామాన్లాయె. ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, కెమెరాలు. చవుక చవుకవి తెచ్చి తగిలిస్తరు. గవే రేడియోను మింగుతయి. నువ్వు ఫికర్ చెయ్యకు, ఏదో పట్టుకుంట."

నిజంగానే అది అతనికి చిటికెలో పని. ఇలాంటివి ఎన్నో పట్టుకున్నాడు. మొదట చేయాల్సింది తన ఇంటి మెయిన్ స్విచ్చు దించి చూడటం. రొద ఆగితే దొంగ ఇంట్లో ఉన్నట్టు. ఆగకపోతే బయట ఉన్నట్టు. రేడియో సెల్లుల మీద నడుస్తుంది గనక దానికేం కాదు. వాకిట్లోకి వెళ్లి మెయిన్ దించాడు. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది. రొద మాత్రం అలాగే ఉంది, వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

"సూసినవా, మన ఇంటిది కాదు" అన్నాడు గంగాకిషన్, తన మీద ఎవరో పెట్టిన కేసును కోర్టు కొట్టేసినట్టు.

ఇక పొద్దుగూకే దాకా చిన్న జేబు రేడియో పట్టుకుని సందులో కాళ్లరిగేలా తిరిగాడు. ఎదురింటి భూమేశ్వర్ గోడ దగ్గరికి పోతే రొద, కరెంటు స్తంభం కిందికి పోతే రొద. భూమేశ్వర్ మొక్కజొన్న, పసుపు కొని అమ్మే మనిషి. ఇల్లు కొత్తగా కట్టాడు. ఇంటి చుట్టూ దీపాలు, నాలుగు మూలలా కెమెరాలు. గంగాకిషన్‌కు ఇంకేం సాక్ష్యం కావాలి? నేరుగా పోయి తలుపు తట్టాడు.

"మీ ఇంటి సామాన్లు రేడియోను ఖరాబు చేస్తున్నయి భూమేశ్వర్. రేపు ఒకటిన్నర నుంచి రెండు దాక అన్ని బంద్ చెయ్యి."

భూమేశ్వర్ అప్పుడే మార్కెట్టు నుంచి వచ్చాడు. ఒంటి నిండా పసుపు దుమ్ము. "ఫ్రిజ్ గూడనా? ఏందన్నా గిది? నీ ఇంట్లనే ఏమన్న ఉన్నదేమో సూస్కో రాదే?"

గంగాకిషన్‌కు కోపం ముక్కు మీదికి వచ్చింది. "నా ఇంటి మెయిన్ దించి సూసిన. ముప్పై అయిదేండ్ల సంది గీ పనే చేస్తున్న. నాకే చెప్తవా?"

మాట పెరిగేదే. భూమేశ్వర్ భార్య యమున మధ్యలో వచ్చి, "నీలవ్వక్క పాట కోసమని చెప్పరాదా అన్నా? ఫ్రిజ్ కాదు, ఇల్లే బంద్ చేస్త" అంది. భూమేశ్వర్ మెత్తబడ్డాడు. కాసేపు గడ్డం గోక్కుని ఒక ఉపాయం చెప్పాడు. తన చేను కాడ రేడియో గంట కొట్టినట్టు పలుకుతుంది, రోజూ తానే పోయి ఫోనులో రికార్డు చేసుకొస్తాడు, ముసలమ్మ తీరిగ్గా పదిసార్లు వినవచ్చు.

మంచి మాటే. గంగాకిషన్ ఇంటికి వచ్చి అత్తతో అదే చెప్పాడు. ముత్తెమ్మ అడ్డంగా తల ఊపింది.

"వద్దు బిడ్డా. అది పోయేటప్పుడు నేను దాని కాడ లేను. ధర్పల్లిల బస్సుల్లేక కూసున్న. మొఖం గూడ సూడనియ్యలె. గిప్పుడు అది ఒచ్చేటప్పుడన్న నేను ఉండాలె. ఒచ్చిపోయినంక తెచ్చి ఇస్తె నాకెందుకు?"

 పోయేటప్పుడు దగ్గర లేనిది ఆమె ఒక్కతే కాదు. ఆ మాట గంగాకిషన్ నాలుగేళ్లుగా గొంతులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు.

బుధవారం యమున అన్న మాట నిలబెట్టుకుంది. ఒకటిన్నర కాకముందే ఇంట్లో ఉన్నవన్నీ ఆపి, వచ్చి ముత్తెమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. రేడియోలో పక్కన ఏదో సన్నని చిటపట తగ్గిందేమో గానీ, అసలు రొద రవ్వంత కదలలేదు. ముగ్గురూ ముఖాలు వేలాడేసుకుని అరగంట ఆ రొదను విన్నారు. ఆ రోజు కూడా నీలవ్వ పాట కాదని భూమేశ్వర్ మార్కెట్టులో రేడియో విని ఫోను చేసి చెప్పాడు. అయినా ముత్తెమ్మ ఆ సాయంత్రం రొట్టె ముట్టలేదు.

మిగిలింది కరెంటు లైను. స్తంభం మీద తీగను మోసే పింగాణీ బుడిపె పగిలినా, తీగ వదులైనా ఇలాంటి రొదే వస్తుంది. గంగాకిషన్ పోయి లైన్‌మన్ మల్లేష్‌ను పట్టుకున్నాడు. మల్లేష్ సంగతంతా విన్నాడు.

"మీ సందు ట్రాన్స్‌ఫార్మర్ మీద తీగ లూజున్నది గంగాకిషనన్నా. గా పని ఎట్లైన చేసేదుండె. రేపు ఒకటిన్నరకే ఫ్యూజులు పీకుత. సందు మొత్తం పావుగంట బంద్. సరేనా?"

గంగాకిషన్ సరే అన్నాడు. నాలుగేళ్లుగా కరెంటు పోవడమంటేనే అతనికి భయం. ఇప్పుడు తానే అడిగి తీయించుకుంటున్నాడు.

నాలుగేళ్ల కిందట, కరోనా ఏడాది మే నెల. నిజామాబాద్‌లో ఏ దవాఖానలోనూ మంచం లేదు. ఎవరో కుర్రాళ్ల సంఘం నీలవ్వ కోసం ఆక్సిజన్ మిషను తెచ్చి ఇంట్లో పెట్టింది. అది బుస్ బుస్‌మంటూ కరెంటు మీద నడుస్తుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉంది. దాని బ్యాటరీ చచ్చిపోయి మూడు నెలలైంది. రేపు వేద్దాం, మాపు వేద్దాం అనుకుంటూనే ఉన్నాడు. ఆ సాయంత్రం గాలివాన లేచింది, కరెంటు పోయింది, మిషను ఆగింది. నీలవ్వ అతని వంక చూసింది. "గిప్పుడే తెస్త" అని దుకాణానికి పరుగెత్తాడు. అక్కడ బ్యాటరీ వెతికి, బండి మీద కట్టుకుని, వానలో పడి లేచి వచ్చేసరికి నలభై నిమిషాలు. ఇంట్లో లైట్లు వెలుగుతున్నాయి. కరెంటు వచ్చేసింది. మిషను బుస్ బుస్‌మని నడుస్తూనే ఉంది. నీలవ్వ ఒక్కతే లేదు.

ఊపిరాడక పోయిందని అత్తకు చెప్పాడు. అది అబద్ధం కాదు. బ్యాటరీ సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పడానికి బదులు ఎన్నటికీ ఆరని దీపం చేసి గోడకు పెట్టాడు.

గురువారం పన్నెండింటికే ముత్తెమ్మకు నీళ్లు పోసి, ఉతికిన చీర కట్టబెట్టాడు. తల దువ్వమంటే దువ్వాడు. ఒకటీ ఇరవైకి రేడియో పెట్టాడు. రొద సిద్ధంగా ఉంది. ఒకటిన్నరకు సందు చివర టప్‌మని చప్పుడైంది, ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. ఎదురింటి ఫ్రిజ్, వెనకింటి మోటారు, సందు చివర పసుపు పాలిష్ డ్రమ్ము, ఒక్కొక్కటే చల్లారిపోయాయి. అంత మౌనం ఆ సందులో పట్టపగలు ఎవరూ ఎరగరు. మల్లేష్ నిచ్చెన మీంచి ఎవరినో కేకేయడం కూడా వినిపించింది.

రేడియో మాత్రం గుయ్యిమంటూనే ఉంది.

గంగాకిషన్ నోరు వెళ్లబెట్టాడు. సందులో ఒక్క బల్బులో కూడా ప్రాణం లేదు. మరి ఇది ఎక్కడిది? ట్రాన్సిస్టరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. గుమ్మం వైపు నడిచాడు. రొద తగ్గింది. వెనక్కి వచ్చాడు. పెరిగింది. కిటికీ వైపు పోతే మళ్లీ తగ్గింది. అంటే ఈ గదే. ఈ గదిలో మంచం, స్టూలు, నీళ్ల బిందె. కరెంటుతో నడిచేది ఏముంది? ఎదురు గోడ వైపు ఒక్కో అడుగూ వేస్తుంటే రొద చెవులు చిల్లులు పడేలా లేచింది.

అతని ముఖానికి జానెడు దూరంలో నీలవ్వ ఫోటో. దాని కింద, సందు మొత్తంలో వెలుగుతున్న ఒకే ఒక్క దీపం.

మెయిన్ దించినప్పుడు ఇంట్లో ప్రతి వస్తువూ లెక్కలోకి వచ్చింది, ఇది రాలేదు. ఎందుకంటే గంగాకిషన్ మనసులో అది కరెంటు సామాను కాదు. అది నీలవ్వ. దాని వెనక డబ్బాలో తన చేతులతో కూర్చిన సర్క్యూటు ఉందనీ, చవక చార్జరు విప్పి అందులోని ముక్కలే వేశాడనీ అతనికి తట్టనే లేదు. భూమేశ్వర్‌తో ఎంత మాట అన్నాడు! మూడు రోజులుగా రేడియోను మింగుతున్నది తన దీపమే.

అంతలో రొద కింద నుంచి రేడియో మనిషి గొంతు ఊగుతూ వచ్చింది. ఏదో పసుపు చేను అంది, ఏదో సంవత్సరం అంది. ఆ తరవాత ఒక్క మాట మాత్రం ఎదురుగా కూర్చుని చెప్పినంత తేటగా తెలిసింది. నీలవ్వ.

"నీలవ్వన్నది! బిడ్డా, నీలవ్వన్నది!" ముత్తెమ్మ మంచం పట్టెలు పట్టుకుని లేవబోయింది. లేవలేక పడింది. "ఆ మోత ఏడికెళ్లి ఒస్తున్నది? పట్టుకో బిడ్డా!"

పాట మొదలైంది. రొద అడుగున ఒక ఆడగొంతు ఈదుతోంది. గంగాకిషన్ చెయ్యి ఫోటో వెనక్కి పోయింది, తీగను పట్టుకుంది, అక్కడే ఆగిపోయింది. స్విచ్చు లేదు. లాగాలి. తన చేత్తో లాగాలి. కళ్ల ముందు ఆక్సిజన్ మిషను మీది పచ్చలైటు ఆరిపోవడం కనిపించింది. బయట కరెంటు లేదు. ఇంట్లో ఆమెది అనదగ్గది ఇదొక్కటే వెలుగుతోంది.  మొదటి చరణం రొదలో కలిసిపోయింది.

"అత్తా" అన్నాడు, తీగ వదలకుండానే. "గీ దీపమే. దీపం నుంచే ఒస్తున్నది. ఆర్పితె గాని పాట వినపడది."

ముత్తెమ్మ అతని వంక చూసింది. శుక్లాలు కమ్మిన ఆ కళ్లకు అతని ముఖం ఆనిందో లేదో.

"ఆర్పు" అంది.

"నాతోని కాదు."

"నాకెర్కే బిడ్డా, బ్యాటరీ సంగతి. నేనొచ్చిన దినమే సందుల చెప్పుకుంటుండ్రు. నాలుగేండ్ల సంది ఎర్కే. ఎర్కుండే నీ చేతి రొట్టె తింటున్న." ముసలమ్మ ఫోటో వైపు చెయ్యి చాపింది. "కరెంటు నువ్వు తియ్యలే. గీ దీపం ఆర్పుమని నేను చెప్తున్న, దాని తల్లిని. నా బిడ్డ గొంతు విననియ్యి."

గంగాకిషన్ తీగ లాగాడు.

దీపం ఆరింది. రొద తెగిపోయింది. ఖాళీ అయిన గదిలోకి నీలవ్వ నడుచుకుంటూ వచ్చినట్టు పాట వచ్చింది.

*మన్ను కింద ఎవ్వరు దాచిన బంగారు కొమ్మో*
*తవ్వినోళ్ల చేతికంట పచ్చానీ పసుపో*

గొంతు కాస్త బొంగురు. చరణం చివర ఊపిరి చాలక ఎగబీల్చడం. వెనక పారలు మన్నులో దిగుతున్న చప్పుడు, ఎవరో పిల్ల నవ్వు. ముత్తెమ్మ పెదవులు కదులుతున్నాయి. "గిదే... గిదే బిడ్డా... గిట్లనే గుంజుతుండె ఊపిరి" అంటూ కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఒక్కటే చరణం మిగిలింది వాళ్లకు. అదీ అయిపోయింది.

గంగాకిషన్ చెవి రేడియోకు ఆనించాడు. రేడియో ఆమె అడుగుతోంది.

"బాగా పాడావు నీలవ్వా. ఇందాక పాట మధ్యలో మా రికార్డరు ఆగిపోయింది కదా, కంగారు పడ్డావా?"

"కంగారెందుకమ్మా?" నీలవ్వ నవ్వింది. నవ్వు ముందు వచ్చి మాట వెనక వచ్చే ఆ నవ్వు. "మా ఇంటాయన ఉన్నడు గద. ఆర్మూర్ల రేడియో దుకాణం. ఏ మిషిన్ ఆగినా ఆయన చెయ్యి పడితె మల్ల నడుస్తది. నంబర్ రాస్కోండ్రి, మల్ల ఆగితె పిలువుండ్రి. ఆయన ఉన్నడంటె నాకేం భయం లేదు."

రేడియో ఆమె కూడా నవ్వింది. తరవాతి పాట పేరు చెప్పారు.

గంగాకిషన్ గోడకు జారగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. నీలవ్వ పోయిన రోజున ఏడవలేదు, పదకొండో రోజున ఏడవలేదు, ఇప్పుడు చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పదిహేడేళ్ల కిందట అని, ఉన్నన్నాళ్లూ ఆమె దాచిన మాట ఇది. ఆ రోజే విని ఉంటే బ్యాటరీ వేసేవాడా? ఏమో. మనిషి తన ఇంటి పని రేపటికి వాయిదా వేయడానికి ఇంతకన్నా పెద్ద మాటలు కూడా అడ్డం రావు. ఆ సంగతి తెలిసే మరింత ఏడ్చాడు.

ముత్తెమ్మ చెయ్యి గాలిలో వెతికింది. అతను మోకాళ్ల మీద జరిగి మంచం దగ్గరికి వచ్చాడు. ఆమె చెయ్యి అతని తల మీద ఆనింది.

సందు చివర మల్లేష్ ఫ్యూజులు పెట్టాడు. ఫ్యాను మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. పాలిష్ డ్రమ్ము మళ్లీ మోత అందుకుంది. గంగాకిషన్ లేచి ఫోటో వెనక తీగ మళ్లీ కలపడానికి చెయ్యి చాపాడు.

"ఉండనియ్యి" అంది ముత్తెమ్మ. "రేడియో పలికినంతసేపు ఆరే ఉండనియ్యి. అది ఏమన్నదో ఇన్నవా బిడ్డా?"

"ఇన్నత్తా" అన్నాడు గంగాకిషన్.